ట్యాంకులో ఏముందో నాకు తెలియదా

మే 4, ఆదివారం

పాత పంపు తీసి పారేశాం. కొత్త పంపు, లావు గొట్టం, పెద్ద ఇంజెక్టర్లు, అన్నీ ఒక్క రోజులో ఎక్కేశాయి. నడుము పట్టేసింది కానీ మనసు గాల్లో ఉంది. ఫ్యాక్టరీలో సీసాలు కడిగే యంత్రాలకు నట్లు బిగించి బిగించి విసిగిపోయిన ఈ చేతులకు ఇన్నాళ్ళకు పని లాంటి పని దొరికింది.

ఇకమీదట ఈ కారు మామూలు పెట్రోలు ముట్టదు. ఇథనాల్ ఎక్కువ పాళ్ళు కలిసిన ఇంధనం, డ్రమ్ములో తెప్పించాను. అది చల్లగా మండుతుంది కాబట్టి టర్బో ఎంత గాలి తోసినా ఇంజన్ తట్టుకుంటుంది. కాకపోతే ఎక్కువ తాగుతుంది. అందుకే ఈ పెద్ద పంపు గొడవంతా.

బావది ఒకటే నస. "ఇంధనంలో ఏం కలిసిందో చూసి చెప్పే సెన్సర్ ఉంటుంది బావా. అది పెట్టుకుందాం. ట్యాంకులో ఏముంటే దానికి తగ్గట్టు మ్యాప్ దానంతటదే సర్దుకుంటుంది."

"నా ట్యాంకులో ఏముందో నాకు తెలియదా బావా?" అన్నాను.

అతను మా చెల్లెలి భర్త. నేనూ బావా అనే పిలుస్తాను, అతనూ బావా అనే పిలుస్తాడు. ఏ బావ ఏ బావను తిడుతున్నాడో బయటివాళ్ళకు అర్థం కాదు. అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. స్పానర్లు నావి, అంకెలు అతనివి. ఇంధనం ఎంత పోవాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, అంతా అతని ల్యాప్‌టాప్‌లోని మ్యాప్ చెప్పినట్టే.

జూన్ 15న ఎయిర్‌స్ట్రిప్ మీద కార్ల పోటీ. పోయినేడు 'కోటు' నా బండిని చూసి "పాలు పోయడానికి వచ్చారా?" అన్నాడు, నలుగురిలో. రేసు బళ్ళ పెద్ద షెడ్డు ఉంది కదా అని డాక్టరులా తెల్లకోటు తొడుక్కుని తిరుగుతాడు. ఈసారి వాడి నోరు మూయించాలి.

మే 11, ఆదివారం

మ్యాప్ పూర్తయింది. ఫ్యాక్టరీ వెనక ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయింది. బావ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంజన్ లోపలి చప్పుడు వింటూ కూర్చున్నాడు. నాకింగ్, అంటే ఇంధనం వేళ కాకముందే పేలే చప్పుడు, ఒక్క టిక్కు కూడా లేదట. నా వీపు మీద గట్టిగా ఒకటి చరిచాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "బండి మళ్ళీ ఇంటికి ఎప్పుడు పనికొస్తుందండీ?"

"పోటీ అవనీ," అన్నాను. ఇంధనం మార్చిన సంగతి, పంపు సంగతి చెప్పబోయి మానేశాను. ఆమెకు ఇవన్నీ ఎక్కవు.

మే 15, గురువారం

నాకింగ్.

ఆదివారం లేనిది ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు. వెంటనే కాలు తీసేశాను. ఇంకో అర నిమిషం తొక్కి ఉంటే పిస్టన్లు పోయేవి. గాలికి తగినదానికన్నా ఇంధనం ఎక్కువ పోతోందని గేజు చూపిస్తోంది. అంటే మ్యాప్‌లో అంకెలు మారాయి. అంకెలు వాటంతటవి మారవు.

మే 16, శుక్రవారం

బావను పిలిచాను. ల్యాప్‌టాప్ తగిలించి, "అంకెలన్నీ నేను పెట్టినవే ఉన్నాయి బావా, ఒక్కటీ మారలేదు," అన్నాడు. తెర నా వైపు తిప్పి చూపించాడు కూడా. ఆ తెర మీద ఏం చూపిస్తున్నాడో నాకేం తెలుసు?

మళ్ళీ సెన్సర్ మాటెత్తాడు. నేను విననట్టు డ్రమ్ము వైపు నడిచాను.

డ్రమ్ములోంచి ఇంధనం పోశాను. సాయంత్రానికి చప్పుడు తగ్గింది. అతను ముట్టుకోగానే తగ్గిందన్నమాట. రాసి పెట్టుకుంటున్నాను.

మే 18, ఆదివారం

బండి బంగారంలా నడిచింది. బావ పక్కనే ఉన్నాడు మరి.

మే 20, మంగళవారం

ఫ్యాక్టరీ నుంచి మోటారు సైకిల్ మీద వస్తూ టీ కొట్టు దగ్గర చూశాను. బావ, కోటు. ఒకే బల్ల మీద. కోటు ఏదో పొట్లం బల్ల మీద నుంచి ఇవతలికి తోశాడు, బావ సంచీలో పెట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను హెల్మెట్ తీయలేదు. అలాగే వచ్చేశాను.

ఏమీ కాకపోవచ్చు. ఊళ్ళో ఉన్నవి నాలుగు టీ కొట్లు, ఎవరైనా ఎవరికైనా తగలొచ్చు.

ఏమీ కాకపోతే ఇంటికొచ్చి నాతో చెప్పాలి కదా? చెప్పలేదు.

మే 21, బుధవారం

ఉదయం షిఫ్టుకు వెళ్ళేముందు బానెట్ సందులో నల్లదారం అంటించాను. ఎవరు ఎత్తినా తెగుతుంది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "దిష్టికా?" అంది. అవునన్నాను.

మే 22, గురువారం

దారం తెగలేదు. నాకింగ్ మాత్రం ఉంది. పోయినసారి కన్నా ఎక్కువ ఉంది.

షెడ్డులో కాసేపు బుర్ర పట్టుకు కూర్చున్నాక వెలిగింది. ల్యాప్‌టాప్ తగిలించే సాకెట్ స్టీరింగ్ కింద ఉంది. బానెట్‌తో పనేంటి వాడికి!

ఇంకోటి. సీటు ముందుకు జరిగి ఉంది. కూర్చోబోతే మోకాలు స్టీరింగుకు తగిలింది. నేను ఆరడుగుల మనిషిని. షెడ్డు తాళంచెవి నా దగ్గర ఒకటి, ఇంట్లో మేకుకు ఒకటి, బావ దగ్గర ఒకటి. బావ నా భుజం దాకా వస్తాడు.

అయిపోయింది. ఇక అనుమానం కాదు ఇది.

మే 23, శుక్రవారం

పన్నెండేళ్ళు. ఈ షెడ్డు రేకులు మేమిద్దరం కలిసి ఎక్కించాం. పెళ్ళిచూపుల నాడు చెల్లిని చూడ్డానికి వచ్చి నా పాత బండి కార్బురేటర్ చూస్తూ నిలబడిపోయిన మనిషి. లోపల అందరూ ఎదురు చూస్తుంటే ఇద్దరం నూనె చేతులతో వెళ్ళాం.

అలాంటివాడు కోటుకు అమ్ముడుపోయాడంటే చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

మే 25, ఆదివారం

అడిగేశాను.

ఇవాళ చెల్లి కూడా వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. బావ ల్యాప్‌టాప్ తెరవబోతుంటే మూత మీద చెయ్యి పెట్టాను.

"కోటు ఎంతకు కొన్నాడు బావా నిన్ను?"

నవ్వాడు. నేను వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. టీ కొట్టు సంగతి, సీటు సంగతి, గురువారం సంగతి వరసగా చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నేను లేనప్పుడు షెడ్డులోకి వచ్చానంటావా?"

"సీటు చెప్తోంది."

"సీటు చెప్తే నమ్ముతావు. నేను చెప్తే నమ్మవు."

"చెప్పు మరి. ఆ పొట్లం ఏంటి?"

సంచీలోంచి చిన్న అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన షెడ్డు తాళంచెవి పెట్టాడు. "ఇవాళ ఇద్దామనే తెచ్చాను. నువ్వే విప్పి చూసుకో," అని బయటికి నడిచాడు. వెళ్తూ వెనక్కి తిరిగి, "మ్యాప్ నీ బండిలోనే ఉంది. నేనేం పట్టుకుపోవట్లేదు," అన్నాడు.

చెల్లి ముఖం పాలిపోయింది. "అన్నయ్యా..." అని ఆగిపోయింది. మా ఆవిడ వచ్చి దాని చెయ్యి పట్టుకుని లేపింది. లేపుతూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. వీళ్ళకు ముందే అంతా తెలుసు.

పెట్టె విప్పలేదు. లంచం సొమ్ముతో కొన్న కానుకేదో అయి ఉంటుంది. సొరుగులో పడేశాను.

మే 27, మంగళవారం

షెడ్డుకు కొత్త తాళం వేశాను. ఇంట్లోనూ చెప్పాను, పోటీ అయ్యేదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దని. మా ఆవిడ మాత్రం, "ఒక తాళంచెవి ఇంట్లో ఉంచండి. అంత ఇంధనం పెట్టుకున్నారు, మీరు లేనప్పుడు నిప్పంటుకుంటే?" అంది. ఆమెకైనా ముందుచూపు ఉంది. మేకుకు తగిలించాను.

మే 29, గురువారం

నాకింగ్!

సీటు ముందుకు జరిగి ఉంది!

కొత్త తాళానికి కూడా మారుచెవి చేయించాడా? ఎలా? ఎప్పుడు?

మే 31, శనివారం

ల్యాప్‌టాప్ అద్దెకు తెచ్చి నేనే అంకెలు చూశాను. మూడు గంటలు. మే 11న బావ నాకు కాగితం మీద రాసిచ్చిన అంకెలే ఉన్నాయి. ఒక్కటీ తేడా లేదు.

అంకెలు మారకుండా బండి మారింది. ఎంత ఆలోచించినా తెగడం లేదు.

చెల్లి ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 5, గురువారం

ఫ్యాక్టరీ ల్యాబు నుంచి గీతలున్న గాజుగొట్టం తెచ్చాను. సగం నీళ్ళు, పైన ట్యాంకులోని ఇంధనం. ఊపి నిలబెడితే ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది, పెట్రోలు పైన తేలుతుంది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు ఇథనాల్. డ్రమ్ములోది తీసి చూస్తే సరిగ్గా ఉంది.

నా ట్యాంకులో ఎవరో మామూలు పెట్రోలు పోస్తున్నారు.

అందుకే చప్పుడు. అందుకే గేజు అలా చూపించింది. మామూలు పెట్రోలు అంత అక్కర్లేదు, ఈ మ్యాప్ అయితే డ్రమ్ము ఇంధనానికి లెక్క కట్టినంతా పోసేస్తుంది. స్పార్క్ కూడా దానికి చాలా ముందే పడుతోంది. ఇంజన్‌ను చంపడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, తెలివి అక్కర్లేదు, ఒక క్యాన్ చాలు.

ఇది బావ బుర్రకే తడుతుంది.

జూన్ 8, ఆదివారం

నిన్న మొన్న డ్రమ్ముది పోసి సరిచేశాను. ఇవాళ అద్దాలు ఎక్కించి బండిలో ఊరికే కూర్చున్నాను. మా ఆవిడ తలనూనె వాసన వచ్చింది.

ఇంటి బండి, ఎప్పటిదో వాసన అయి ఉంటుంది.

సీట్ల గుడ్డలు మార్చింది ఏప్రిల్‌లో కదా.

ఎవరితో

(పై మాట కొట్టేశాను. ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.)

జూన్ 10, మంగళవారం

నాకింగ్ గురువారాల్లో. ఆదివారాల్లో లేదు, అప్పటికి డ్రమ్ముది పోసేస్తున్నాను మరి. నేను వాడేది ఆ రెండు రోజులే కాబట్టి ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. అయితే ఏం జరిగినా గురువారానికి ముందే జరుగుతోంది.

ఇంధనం మూత మీద దారం అంటించాను. రేపు సెలవు పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. టిఫిన్ డబ్బా తీసుకుని మామూలుగానే బయలుదేరతాను.

జూన్ 11, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వీధి చివర టైర్ల దుకాణం వెనక మోటారు సైకిల్ మీద కూర్చున్నాను. భోజనాల వేళకు షెడ్డు తలుపు తెరుచుకుంది. నా బండి బయటికొచ్చింది. స్టీరింగు ముందు మా ఆవిడ. సీటు ముందుకు జరుపుకుని, రెండు చేతులతో చక్రం పట్టుకుని, గాజుసామాను మోసుకెళ్తున్నట్టు నెమ్మదిగా.

వెనకే వెళ్ళాను. నా పెళ్ళాం వెనక నేను దొంగలా. చెల్లి ఇంటి వీధి మలుపులో ఆగింది. గుమ్మం దాకా వెళ్ళలేదు, మలుపులోనే. చెల్లి తలమీద కొంగు కప్పుకుని వచ్చి గబుక్కున ఎక్కింది. అక్కడి నుంచి ఆడవాళ్ళ ఆసుపత్రి.

ఎదురుగా చెట్టు కింద నిలబడ్డాను. చాలాసేపు. వాళ్ళు బయటికొచ్చినప్పుడు మా ఆవిడ చేతిలో పెద్ద కవరు ఉంది, చెల్లి నడుము చుట్టూ ఆమె చెయ్యి ఉంది. అప్పటికి కూడా నాకు బుర్ర వెలగలేదు. జబ్బేమో అనుకున్నాను.

తర్వాత పెట్రోలు బంకు. మా ఆవిడ దిగి, మీటరు మీద కళ్ళు పెట్టి నిలబడింది. కుర్రాడు ఇంకాస్త పోయబోతే, "చాలు చాలు, వాడినంతే," అంది. అప్పుడు గుర్తొచ్చింది. స్టీరింగ్ పక్కన నేనే అంటించిన చీటీ, ఎన్నేళ్ళ క్రితమో, చుట్టాలంతా బండి అడిగి తీసుకెళ్ళే రోజుల్లో: 'ఎంత వాడితే అంత నింపి పెట్టవలెను.' ఇంధనం మార్చాను. చీటీ మార్చలేదు. మార్చినట్టు ఆమెకు చెప్పనూ లేదు.

చెల్లి నన్ను చూసేసింది. అద్దం దించింది. పారిపోవడానికి మోటారు సైకిల్ స్టార్టు కాలేదు. ఏం ఫిట్టర్నో నేను.

దగ్గరికెళ్ళాను. ఎందుకు వచ్చావని అది అడగలేదు.

"అన్నయ్యా, నాలుగో నెల," అంది. "ఆయనకు చెప్పకు. పోయిన రెండుసార్లూ అందరికంటే ముందు ఆయనకే చెప్పాను. రెండుసార్లూ నిలవలేదు, ఆ ముఖం చూడలేకపోయాను. ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పాక నేనే చెప్తాను. అప్పటిదాకా వదినకు తప్ప ఎవరికీ తెలియదు."

"ఆటో గతుకులు వద్దన్నారు," అంది మా ఆవిడ. "బుధవారం బండి ఊరికే పడి ఉంటుంది కదా అని. మీకు చెప్తే మీరు మీ బావతో అనకుండా ఉండలేరు. అరిగిపోకుండా నడిపానండీ. పెట్రోలు కూడా ఎప్పటికప్పుడు పోయించి పెట్టాను, మీకు లోటు రాకుండా."

ఏమనను? ఆ పెట్రోలే నా ఇంజన్ ప్రాణం తీస్తోందని, దాన్ని పట్టుకునే బావను దొంగను చేశానని, పక్కన ఆయన బిడ్డను మోస్తున్న మనిషి కూర్చుని ఉండగా చెప్పనా?

"మంచి పని చేశావు," అన్నాను.

జూన్ 11, మళ్ళీ

సొరుగులో పెట్టె విప్పాను. సెన్సర్. అదే, ట్యాంకులో ఏముందో చూసి చెప్పేది. కొత్తది కాదు, వాడి తీసేసినదే, కోటు షెడ్డు చీటీ ఉంది దాని మీద. నేను కొననని మొండికేస్తే బావ వెళ్ళి శత్రువును బతిమాలి తెచ్చాడు. మే 25న బిగించుకుని ఉంటే ఆ గురువారానికే బయటపడేది.

ఆ రోజు గుమ్మంలో చెల్లి కూర్చున్న కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని ఎదురుగా నేను అరిచిన అరుపులకు ఏమన్నా అయి ఉంటే?

జూన్ 13, శుక్రవారం

బావ దుకాణానికి వెళ్ళాను. ఏదో బోర్డు మీద వంగి వైరు అతికిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బావా, తప్పు నాది. ట్యాంకులో మామూలు పెట్రోలు కలిసింది. నేనే పోశాను, పొరపాటున."

అప్పుడు ఎత్తాడు. "నువ్వా? డ్రమ్ముకు గొలుసు వేసి తాళం పెట్టేవాడివి, నువ్వు పొరపాటున పోశావా? రెండుసార్లు?"

"అవును."

"సీటు?"

"నేనే జరిపి మరిచిపోయి ఉంటాను."

నా కళ్ళలోకి చూశాడు. నేను ఇన్ని వారాలు అతన్ని ఎలా చూశానో అచ్చం అలాగే. ఆ చూపు ఇవతల నిలబడితే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. నిజం నాలుక చివర ఉంది. అది చెప్తే చాలు, నేను పిచ్చివాణ్ణి కానని తేలిపోతుంది, అతను లేచి నన్ను వాటేసుకుంటాడు కూడా. కానీ ఆ నిజం నాది కాదు.

"ఎవరినో వెనకేసుకొస్తున్నావు బావా," అన్నాడు.

"లేదు."

వైరు కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "ఒకటి అడగనా? మీ చెల్లి బుధవారం మధ్యాహ్నాలు ఫోన్ ఎత్తదు. అడిగితే నిద్రపోయానంటుంది. రాత్రుళ్ళు నాకు తెలియకుండా ఏడుస్తోంది. నీకేమైనా తెలుసా?"

నేను అంటించిన జబ్బే ఇది.

"పడుకునే ఉంటుంది," అన్నాను. "అది నీకు చెడు చేసే మనిషి కాదు, నువ్వు నాకు చేసే మనిషివి కానట్టే. అనుమానపడే పని నాకు వదిలెయ్ బావా. ఇంట్లో ఒకడు చాలు."

"నీ మీద కోపం పోలేదు," అన్నాడు. లేచి ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకున్నాడు. "ట్యాంకులో ఇప్పుడేముంది?"

"నాకు తెలియదు బావా."

జూన్ 15, ఆదివారం

పోటీకి వెళ్ళలేదు. సెన్సర్ బిగించాం. పంపు, ఇంజెక్టర్లు అలాగే ఉంచి, మామూలు పెట్రోలుకు కూడా సరిపోయేలా బావ మెత్తటి మ్యాప్ రాశాడు. ఎందుకని అడిగాడు. ఇంట్లోవాళ్ళకు బండి కావాలట అన్నాను. కోటు గెలిచాడని సాయంత్రం తెలిసింది. గెలవనీ.

పని మధ్యలో బావ నాతో నాలుగే మాటలన్నాడు, అందులో రెండు స్పానరు సైజులు.

జూన్ 17, మంగళవారం

చీటీ గోకి తీసేశాను. ట్యాంకు నింపాను. సీటు ముందుకు జరిపి పెట్టాను.

జూన్ 18, బుధవారం

మా ఆవిడ తాళంచెవి మేకుకు తగిలిస్తూ, "సీటు సరిగ్గా ఉంది," అంది. అంతే అంది.

జూలై 6, ఆదివారం

బావ పొద్దున్నే వచ్చాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. షెడ్డు గుమ్మంలో నిలబడి, "బావా, నీకో సంగతి చెప్పాలి," అని చెప్పలేక స్తంభం పట్టుకుని ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఐదో నెలట. డాక్టరు అంతా బాగుందన్నారట. చెల్లి రాత్రి చెప్పిందట. అందరికంటే ముందు నాకే చెప్తున్నాడట.

నేను నోరు తెరిచాను. చేతిలో రెంచీ కింద పడేశాను. నాకు వచ్చినంత ఆశ్చర్యమూ ముఖం మీదికి తెచ్చుకున్నాను.

కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు ముందే తెలుసా బావా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

నమ్మలేదు. కానీ వీపు మీద గట్టిగా ఒకటి చరిచి, రెంచీ తీసి నా చేతికిచ్చాడు.